షట్టర్ కన్ను

బ్రాడీపేట, గుంటూరు
28 ఫిబ్రవరి 2025, శుక్రవారం

కోటిరత్నం వదినకి,

దణ్ణాలు తర్వాత పెడతాను గానీ ముందు నీమీద కోపం తీర్చుకోనీ. నువ్వు పంపిన కందిపొడి డబ్బా ఇక్కడికి చేరేసరికి సగానికి దిగింది. తెచ్చింది మీ ఆయన, అంటే మా అన్నయ్య, కాబట్టి దొంగని పట్టుకునే దారి లేదు. ఫోనులో అడుగుదామంటే ఆయన స్పీకరు పెట్టి అరుగు మీద కూర్చున్న వాళ్ళందరికీ వినిపిస్తాడు. నా ఫోనేమో ఎప్పుడూ మా ఆయన చేతిలో ఉంటుంది. మనిద్దరి మాటలు మనిద్దరి మధ్యే ఉండాలంటే ఈ కవరే దిక్కు.

ఇక అసలు సంగతి. మా కారు షెడ్డు షట్టర్ పోయింది. మొన్న పొద్దున మా ఆయన ఎత్తబోతే పైనున్న స్ప్రింగు తెగి, ఆ చప్పుడుకి గ్యాస్ సిలిండరు పేలిందనుకుని వీధి వీధంతా బయటికొచ్చింది. ఇన్నేళ్ళూ లేచినప్పుడూ దిగినప్పుడూ జనాన్ని నిద్రలేపింది, పోతూ పోతూ కూడా అల్లరి చేసే పోయింది. నీ మిరపకోత ముఠా జైతున్‌బీ కొడుకు సలీం ఇక్కడ షట్టర్ల షాపులో చేస్తున్నాడన్నావు కదా, వాణ్ణే పిలిపించాం. రేకులన్నీ తుప్పుపట్టాయి, స్ప్రింగొక్కటీ మార్చి లాభం లేదన్నాడు. మొత్తం మార్చి, మోటారు బిగించాడు. గోడకో స్విచ్చి, మా ఆయన చేతికో రిమోటు. ఒక్కసారి నొక్కి వదిలేస్తే చాలు, చప్పుడు లేకుండా దిగిపోతుంది.

అన్నిటికన్నా వింత ఏమిటంటే, ఎడం పక్క స్తంభానికి చీలమండ ఎత్తులో చిన్న గాజుకన్ను ఉంది. ఎదుటి స్తంభానికి అద్దం బిళ్ళ. ఆ కన్ను ఆ అద్దాన్నే చూస్తూ ఉంటుందట. మధ్యలో పిల్లో మనిషో అడ్డమొస్తే షట్టర్ ఆగి, తిరిగి పైకి పోతుందట. సలీం తన కాలే అడ్డం పెట్టి చూపించాడు. నా గుండె ఆగినంత పనైంది గానీ షట్టర్ నిజంగానే ఆగింది. నెలకోసారి పట్టాలకి గ్రీజు పెట్టించుకోమన్నాడు, కన్ను మీద దుమ్ము పడకుండా చూసుకోమన్నాడు. మనవైపు మాట విని చాలా రోజులైంది, ప్రాణం లేచొచ్చింది.

ఇవాళ గడపకి పసుపు రాస్తుంటే అనిపించింది, మేం వచ్చేదీ పోయేదీ షెడ్డులోంచే, అసలు గడప తొక్కేది చుట్టాలే కదా అని. అందుకని షట్టర్ ముందు కూడా కడిగి ముగ్గేసి, ఆ కంటికి సన్నగా పసుపు రాసి చుక్కంత బొట్టు పెట్టాను. ఇంటిని కాపలా కాసేది అదే కదా.

మిర్చి యార్డుకి తెచ్చేటప్పుడు అన్నయ్యని లాడ్జీల చుట్టూ తిరగొద్దను. కారు రోడ్డు మీద పెడతాం. టిక్కీ బస్తాలు మా షెడ్డులో దింపుకోమను.

కందిపొడి బాకీ మర్చిపోకు,
బిందుమాధవి


మద్దిపాడు
9 మార్చి 2025

బిందూ,

నీ దొంగని నిలబెట్టి అడిగాను. దారిలో ఆకలేసిందన్నాడు. ఉత్త కందిపొడి ఎవరైనా తింటారా అంటే, అన్నం కూడా కట్టి ఇవ్వాల్సింది అన్నాడు. చివరికి తప్పు నాదే అయింది.

షట్టర్‌కి బొట్టు పెట్టిన ఇల్లాలిని నిన్నే చూస్తున్నాను. రేపు వాషింగ్ మెషీనుకి గాజులు తొడిగేట్టున్నావు. చేలో అందరూ నవ్వుతారని నీ ఉత్తరం జైతున్‌బీకి చదివి వినిపించాను. ఆమె నవ్వలేదు. "మా వాడు పని బాగా చేశాడంటనా అమ్మా" అని అడిగింది. బాగా చేశాడని రాసిందిలే అంటే, ఆ ముక్క మళ్ళీ చదివించుకుంది. రోజా ఉండి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా, ఎండలో కోతకి వస్తోంది. ముఠాకి పెద్ద ఆమే. ఆమె రాకపోతే నా చేలో ఒక్క కాయ కూడా తెగదు.

మొదటి కోత ఎండి సిద్ధంగా ఉంది. కోల్డ్ స్టోరేజీల్లో చోటు లేదంటున్నారు. మీ అన్న 21న, శుక్రవారం సాయంత్రానికి బండి వేసుకుని వస్తాడు. శని, ఆదివారాలు యార్డుకి సెలవు కాబట్టి సోమవారం దాకా టిక్కీలు మీ షెడ్డులోనే ఉండాలి. ఘాటుకి మీ ఆయన తుమ్మలేక చస్తాడు, ముందే చెప్పి ఉంచు. మీ అన్నని పొద్దున్నే ఆ వీధుల్లో కాస్త నడవనీ. చేను చుట్టూ ఒక తిరుగుడు తిరిగొస్తే గానీ ఆయనకి కాఫీ దిగదు.

గాజుల సైజు రాస్తే ఇక్కడే కొంటాను,
వదిన


బ్రాడీపేట
18 మార్చి 2025

వదినా,

నవ్వు, నవ్వు. వాషింగ్ మెషీనుకి దసరా నాడే బొట్టు పెట్టాను, ఇంతవరకూ ఒక్క రిపేరు రాలేదు.

షట్టర్ మాత్రం మొండికేసింది. ఈ మధ్య స్విచ్చి నొక్కితే జానెడు దిగి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ పైకి పోతోంది. సలీంకి ఫోను చేశాను. షాపువాళ్ళు వాణ్ణి ఒంగోలులో గ్రానైటు గొడౌన్ల పని మీద పంపారట. "శనివారం వచ్చి చూస్తానక్కా. ఈలోగా ఆ కన్ను పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి చూడండి. దిగకపోతే మాత్రం బలవంతం చెయ్యకండి" అన్నాడు. కన్ను తుడవాలంటే నేను పెట్టిన బొట్టు తుడవాలి. నిండు ముత్తయిదువని, పెట్టిన బొట్టు నా చేత్తో నేనెలా తుడుస్తాను? మగపిల్లాడు, వాడికి ఆ సంగతి ఏం చెప్పను? సరేనని ఫోను పెట్టేశాను. ప్రతి శుక్రవారం పెడుతున్నదే, ఈ శుక్రవారం మంచి పసుపు కలిపి ఇంకాస్త శ్రద్ధగా పెడతాను, అదే దారికొస్తుంది.

ఈలోగా ఓ ఉపాయం నాకే దొరికింది. గోడ స్విచ్చి నొక్కి వదలకుండా అలాగే పట్టుకుంటే, మారు మాట్లాడకుండా కిందిదాకా దిగుతుంది. మా ఆయనకి చెప్పలేదు. చెబితే మోటారు విప్పదీసి కూర్చుంటాడు. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడేదాన్ని, స్విచ్చి పట్టుకు నిలబడటం నాకో లెక్కా?

అన్నయ్యకి ఇష్టమని గుత్తివంకాయకి లేతకాయలు తెప్పించి పెట్టాను. ఆయన దిగగానే పకోడీలు. నువ్వు కూడా బండెక్కరాదూ?

ఎదురుచూస్తూ,
బిందు


మద్దిపాడు
2 ఏప్రిల్ 2025

బిందుకి,

మొన్న మీ అన్నని ఇంటికి తెచ్చాం. అంబులెన్సులోంచి మంచం మీదికి మారుస్తుంటే ఆయన అరిచిన అరుపు నా చెవుల్లోంచి పోవడం లేదు. తొడలో రాడ్డు వేశారు. కర్ర లేకుండా మళ్ళీ నడుస్తాడా అని డాక్టరుని అడిగితే, ఆయన నా మొహం చూడకుండా రిపోర్టు చూశాడు.

ఆసుపత్రిలో అన్ని రోజులూ నీతో ఒక్క మాటైనా మాట్లాడలేదు. కోపం అనుకుని ఉంటావు. కోపం కాదు, నోరు రాలేదు. సాయంత్రం ఫోను చేసి, "దించేశాం, బిందు పకోడీలు వేసింది, నీకు లేవు" అని నవ్విన మనిషిని రాత్రికి స్ట్రెచరు మీద చూశాను. ఇప్పటికీ అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోతున్నాను.

నిన్న జైతున్‌బీ సేమ్యా గిన్నె పట్టుకుని వచ్చింది, రంజాను మర్నాడు కదా. గుమ్మంలోనే నిలబెట్టి, "మీ వాడు చేసిన పని చాలు, నువ్వు ఇంక నా చేలోకి రావద్దు" అన్నాను. గిన్నెతో అలాగే వెనక్కి వెళ్ళింది. రెండో కోత చెట్టుమీద ఎండుతోంది. ఎండనీ.

మీ అన్నేమో, సలీం పేరెత్తితే గోడవైపు తిరిగిపోతాడు. రాత్రి మాత్రం, "వాణ్ణి వదిలెయ్యమని బిందు వాళ్ళాయనకి చెప్పు" అన్నాడు. కాలు పోగొట్టినవాణ్ణి వదిలెయ్యమంటావా అని కసిరాను. నువ్వు మీ ఆయనకి చెప్పు, సలీం మీద పెట్టిన కేసు వదలొద్దని.

కాలు అడ్డం పెడితే ఆగుతుందని రాసింది నువ్వు. మరి అదెందుకు ఆగలేదు? అక్కడున్నది నువ్వొక్కదానివే. ఏం జరిగిందో రాయి.

కోటిరత్నం


బ్రాడీపేట
6 ఏప్రిల్ 2025

వదినా,

ఎప్పుడూ వదిన అని సంతకం పెట్టే చేత్తో కోటిరత్నం అని పెట్టావు.  ఇవాళ శ్రీరామనవమి. పానకం కూడా కలపలేదు.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. టిక్కీలు దింపి, బండి పంపేశాం. మా ఆయన ఇంకా తన షాపు నుంచి రాలేదు. ఘాటుకి కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే నేను ముక్కుకి కొంగు కట్టుకుని లోపలి గోడ పక్కన ఉన్నాను. నాకూ షట్టర్‌కీ మధ్య తలెత్తు దొంతర. అన్నయ్య బయట రాలిన కాయలు ఊడ్చుకుంటున్నాడనుకున్నాను. షట్టర్ దానంతటదే దిగింది. వెళ్ళి చూసేసరికి అన్నయ్య దాని కింద ఉన్నాడు. ఎండుకాయల మీద కాలు జారి స్తంభం పక్కన పడ్డట్టున్నాడు. పక్కింటివాళ్ళు వచ్చి గొలుసు లాగి షట్టర్ ఎత్తారు. నేను ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తాను. అంతే వదినా. అంతకన్నా నాకు తెలియదు.

మర్నాడు సలీం వచ్చాడు. మేమంతా ఆసుపత్రిలో ఉంటే వాడొక్కడే షెడ్డులో ఉన్నాడు. తర్వాత పోలీసులొచ్చి నొక్కి చూస్తే అంతా సవ్యంగా ఉంది, కాలు పెడితే ఆగుతోంది. ముందురోజు దాకా మొండికేసింది ఒక్క పూటలో ఎలా బాగైంది? శుక్రవారం పొద్దున నేను పెట్టిన పసుపూ బొట్టూ కూడా లేవు. తన తప్పు ఏదో సరిచేసుకుని, అంతా తుడిచేసి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాడు. "నేను వచ్చేసరికే కన్ను శుభ్రంగా ఉందండీ" అని ఒకటే మాట. ఎవరు నమ్ముతారు? స్టేషన్లో రెండు రోజులు కూర్చోబెట్టారు. షాపువాళ్ళు పనిలోంచి తీసేశారు. మా ఆయన లాయరుతో మాట్లాడుతున్నాడు, జైలుకి పంపేదాకా వదలనంటున్నాడు.

నాకు నిద్ర లేదు. అన్నయ్య ఆ సాయంత్రం గురించి ఏమైనా అన్నాడా? ఏమన్నా సరే, దాచకుండా రాయి.

బిందు


మద్దిపాడు
11 ఏప్రిల్ 2025, శుక్రవారం

బిందూ,

నిలబడి చదువుతుంటే కూర్చో.

ఆసుపత్రి నుంచి తెచ్చిన బట్టల సంచి ఇన్నాళ్ళూ విప్పలేదు. విప్పే ధైర్యం లేక మంచం కింద తోసేశాను. ఇవాళ గడప కడిగాక మనసు గట్టి చేసుకుని విప్పాను. మీ అన్న కండువాకి ఒక కొసన మరక, ఎండి మట్టిరంగుకి తిరిగి ఉంది. రక్తమే అనుకున్నాను. మొహం పక్కకి తిప్పుకుని సబ్బు రుద్దాను. చూస్తే ఎర్రగా పొంగింది. నీళ్ళు పోశాను, పచ్చగా తేలింది. మళ్ళీ సబ్బు రుద్దాను, మళ్ళీ ఎర్రబడింది.  సబ్బు తగిలితే ఎర్రబడేది రక్తం కాదు, పసుపు. ఆ సంగతి మనిద్దరికీ ఒకరు చెప్పాలా? పోగులు విడదీసి చూస్తే కుంకుమ కూడా ఉంది.

తడి కండువా అలాగే తీసుకెళ్ళి ఆయన ముందు పట్టుకున్నాను. "ఎవరి బొట్టు ఇది" అన్నాను. గోడవైపు తిరగబోయాడు. భుజం పట్టుకుని తిరగనివ్వలేదు.

పడ్డప్పుడు ఆయన మొహం ఆ స్తంభానికి ఆనుకుని ఉందట. షట్టర్ తొడ మీదికి వచ్చింది. ఆగుతుందిలే, బిందు రాసింది కదా అనుకున్నాడట. ఆగలేదు. ఎదురుగా చూస్తే గాజుకన్ను కనపడలేదట. మందంగా పసుపు, దాని మధ్యలో నీ బొట్టు. తర్వాత పక్కింటివాళ్ళు ఆయన్ని బయటికి లాగేలోపు, నువ్వు ఆటో కోసం వెళ్ళిన ఆ కాస్త సందులో, మీ అన్న కండువా కొసతో ఆ కన్ను తుడిచాడు. తొడ ఎముక విరిగిన మనిషి, బిందూ. ఎవరైనా కాలు పట్టుకుని ఏడుస్తారు. ఈయన నీ బొట్టు తుడిచాడు.

"తను ఏం చేసిందో దానికి తెలియకూడదనుకున్నాను" అన్నాడు.

"మరి జైతున్‌బీ కొడుకో?" అన్నాను.

"కేసు అంతదాకా పోతుందనుకోలేదు" అన్నాడు. ఆ తర్వాత ఏడ్చాడు. పంట మునిగిన ఏడు కూడా ఏడవని మనిషి.

బొట్టు సంగతే ఆయన చెప్పాడు. నీ సంగతి చెప్పలేదు, ఎంత అడిగినా చెప్పలేదు. కానీ కన్ను మూసుకుపోతే ఆ షట్టర్ జానెడు దిగి పైకి పోతుంది. కిందిదాకా దిగాలంటే ఎవరో ఒకరు స్విచ్చి నొక్కి పట్టుకోవాలి. నువ్వు కనిపెట్టిన ఉపాయం నేను మర్చిపోలేదు. షట్టర్ దానంతటదే దిగిందని రాశావు. నీ చెయ్యి అప్పుడెక్కడుంది?

సాయంత్రం జైతున్‌బీ ఇంటికి వెళ్ళాను. నన్ను గుమ్మంలో నిలబెట్టలేదు. లోపలికి పిలిచి మంచం వాల్చింది. అంతా విని, "మా వాడు ఫోను ఎత్తడం లేదమ్మా, ఎట్లా ఉన్నాడో" అంది.  కోతకి రమ్మని అడగడానికి సిగ్గేసి వచ్చేశాను.

స్టేషనుకి నువ్వు వెళతావా, నన్ను రమ్మంటావా?

వదిన


బ్రాడీపేట
18 ఏప్రిల్ 2025, శుక్రవారం

వదినా,

నా చెయ్యి స్విచ్చి మీద ఉంది.

నొక్కి పట్టుకునే ఉన్నాను. ఇంకాస్తలో నేలకి దిగుతుందనగా షట్టర్ ఎక్కడో పట్టేసినట్టు ఆగింది. మళ్ళీ మొండికేసిందని ఇంకా గట్టిగా నొక్కాను. దగ్గులాంటి చప్పుడు వినపడింది. ఘాటుకి అన్నయ్య దగ్గుతున్నాడనుకున్నాను. "బిందూ" అని పిలిచాడు. "వస్తున్నా అన్నయ్యా, ఇది దిగనీ" అన్నాను. ఆ మాట అన్నది నేనే. అని, మళ్ళీ నొక్కాను.

దానంతటదే దిగిందని నీకు రాసినప్పుడు, రాసిన కాసేపూ నేనే నమ్మాను. స్విచ్చి సంగతి దాచాను గానీ, పసుపు సంగతి నిజంగా నాకు తట్టలేదు వదినా. సలీమే తుడిచాడనుకున్నాను. తప్పంతా వాడిదే అనుకోవడానికి ఆ ఒక్కటీ నాకు చాలింది. అన్నయ్య అక్కడ పడి ఉండి నాకోసం ఆ పని చేశాడని చదివి, వంటింట్లో నేలమీద కూలబడ్డాను. మా ఆయన వచ్చి లేపేదాకా లేవలేదు.

ఆయనకి అంతా చెప్పాను. మెట్టుమీద కూర్చుండిపోయాడు. "ఇన్నాళ్ళూ నేను ఆ పిల్లాడి చొక్కా పట్టుకుని అడిగాను బిందూ" అన్నాడు. మర్నాడు ఇద్దరం స్టేషనుకి వెళ్ళాం. వాళ్ళు మొదట నమ్మలేదు, పనివాడి మీద జాలితో చెబుతున్నాననుకున్నారు. పసుపు, బొట్టు, స్విచ్చి, నేనన్న మాట, అన్నీ చెప్పి రాయించి సంతకం పెట్టాను. సలీంకి ఇక రానక్కర్లేదని కబురు చేశారు. నా మీద ఏం పెడతారో ఇంకా తెలియదు. పెట్టనీ.

అక్కణ్ణుంచి సలీం గదికి వెళ్ళాం. మనిషి చిక్కి సగమయ్యాడు. నేను చెప్పింది విని కోప్పడతాడనుకున్నాను. గోడకి జారబడి, "అయితే వైరింగులో తప్పు లేదా అక్కా" అన్నాడు. రోజూ రాత్రి కళ్ళు మూసుకుని మా షట్టర్‌ని మొదట్నుంచీ మళ్ళీ బిగిస్తున్నాడట. ఎక్కడ తప్పు చేశాడో దొరక్క, పని చేతకాని తన వల్ల ఒక మనిషి కాలు పోయిందనుకుని, అమ్మ ఫోను చేస్తే ఎత్తడానికి మొహం చెల్లలేదట. మా ఎదురుగానే వాళ్ళమ్మకి ఫోను చేశాడు. నేను బయటికి వచ్చేశాను. షాపువాళ్ళు మళ్ళీ రమ్మన్నారట, వెళ్ళనన్నాడు. మా ఇంటి పని కూడా ఇక చెయ్యనన్నాడు.

జైతున్‌బీ కాళ్ళు పట్టుకోవడానికి నేను వస్తున్నాను. ఎల్లుండి బస్సుకి బయలుదేరతాను. ఆమె రానంటే నీ రెండో కోత నేనే కోస్తాను, నువ్వు పక్కన నిలబడి నేర్పు.

ఈ ఉత్తరం అన్నయ్యకి చదివి వినిపించు. స్పీకరు పెట్టినట్టు గట్టిగా చదువు. అరుగు మీద ఎవరున్నా సరే.

ఇంకొక్కటి రాసి ఆపుతాను. ఇవాళ శుక్రవారం. గడపకి పసుపు రాశాను. షట్టర్ దగ్గరికి వెళ్ళి ఆ కన్ను పొడిగుడ్డతో తుడిచాను. అన్నయ్య టిక్కీ ఒకటి షెడ్డులోనే ఉండిపోయింది. దాన్ని ఈడ్చుకొచ్చి, అన్నయ్య పడ్డ చోటే పెట్టాను. స్విచ్చి ఒక్కసారి నొక్కి, చెయ్యి తీసేశాను. షట్టర్ కొంచెం దిగింది. టిక్కీని చూసింది. ఆగి, మెల్లగా పైకి వెళ్ళిపోయింది.

అన్నయ్యని కూడా చూసేదే, వదినా.

బిందు